మాస్టారికి తెలియని పాట

పాట రికార్డు చేసుకోవడం, స్నానం చేయడం, వెళ్లి షాపు తీయడం. ఆ ఉదయం కళ్లజోళ్లాయన వేసుకున్న పథకం ఇంతే. ఇంత చిన్న పథకంలో చెడిపోవడానికి చోటెక్కడుందని ఆయన ధీమా. కొంప అంటుకోవడానికి అగ్గిపుల్ల పెద్దదై ఉండక్కర్లేదన్న సంగతి ఆయనకు తట్టలేదు.

ఊళ్లో సగం మంది ముక్కుల మీద ఉన్నది ఆయన షాపులో బిగించిన కళ్లజోడే. కానీ ఆయన ప్రాణం కళ్ల మీద కాదు, చెవుల మీద ఉండేది. పాటల పిచ్చి. అలాంటి పిచ్చివాళ్లే కొందరు పోగై ఫోనులో 'తేనెచెవులు' అని ఒక గ్రూపు పెట్టుకున్నారు. "తేనె సంగతేమో గానీ, మీ అందరి చెవుల్లోనూ పూలు మాత్రం బాగా కనపడుతున్నాయి," అని ఆయన భార్య అంటూ ఉండేది.

ఆ గ్రూపుకి ఒక కట్టుబాటు ఉంది. ఎవరికి కొత్త పాట దొరికినా అందులో పెట్టాలి. దాన్ని ముందే విన్నవాళ్లు కింద 'తెలుసు' అని రాయాలి. ఎవ్వరూ 'తెలుసు' అనకపోతే ఆ పాట అసలైన నిధి. అది తెచ్చినవాళ్లకు, ఏడాదికోసారి అందరూ ఒకచోట చేరే రోజున పెద్దకుర్చీ దక్కుతుంది. అందులో కూర్చుని ఆ పూటంతా తమకిష్టమైన పాటలు వినిపించుకోవచ్చు. మిగతావాళ్లు కిక్కురుమనకుండా వినాలి. ఇంట్లో ఒక్క పాట కూడా చివరిదాకా విననివ్వని మనుషుల మధ్య బతికేవాడికి ఇంతకు మించిన స్వర్గం ఉంటుందా?

అయితే ఆ కుర్చీ ఇంతవరకూ ఎవరికీ దక్కలేదు. దానికి కారణం డ్రాయింగు మాస్టారు. గ్రూపు పుట్టించింది ఆయనే. ఏ మూల నుంచి ఏ పాట తెచ్చి పెట్టినా, దాని పల్లవి పూర్తయ్యేలోపే మాస్టారి 'తెలుసు' వచ్చి కింద వాలేది. గెలిచినవాళ్లు లేరు కాబట్టి వ్యవస్థాపకుడి హోదాలో ఆయనే ఏటా కుర్చీ ఎక్కి, పొద్దుగూకేదాకా వేణువు వినిపించేవారు. పోయినేడు పళ్ల డాక్టరమ్మ గోడకానుకుని గురకపెడితే, అది కూడా తాళంలో లేదని కోప్పడ్డారట.

ఆ మనిషి చేత ఒక్కసారి, ఒక్కటంటే ఒక్కసారి 'తెలియదు' అనిపించాలి. కళ్లజోళ్లాయన జీవితాశయం అదొక్కటే. ఇప్పుడు దానికి వేళ వచ్చిందనిపించింది. పాత సామాన్ల కొట్టులో ఆయనకు ఒక క్యాసెట్టు దొరికింది. దాని మీద పేరూ లేదు, ఊరూ లేదు. టేప్‌రికార్డరు బాగుచేయించి, ఇంట్లోవాళ్లు సణుగుతారని ఇయర్‌ఫోన్సు పెట్టుకుని విన్నాడు. ఎవరో ఆడమనిషి గొంతు. వింటుంటే ఒంటి మీద వెంట్రుకలు లేచి నిలబడ్డాయి. ఈ పాట మాస్టారికే కాదు, మాస్టారి తాతకు కూడా తెలిసే అవకాశం లేదు.

హాల్లో ప్లగ్గు దగ్గర భార్య ఇస్త్రీ చేసుకుంటోంది. ఆఫీసు టైమవుతోంది, కదలదు. అందుకని కళ్లజోళ్లాయన టేప్‌రికార్డరు తీసుకెళ్లి వంటింటి గట్టు మీద పెట్టాడు. అక్కడ అత్తగారున్నారు. అంటే భార్యకు తల్లి. పొట్టిగా, గుండ్రంగా, ఒక కాడకు నల్లదారం చుట్టిన కళ్లజోడుతో ఉంటారావిడ. ఆ దారం చుట్టి చాలాకాలమైంది. "రేపు షాపుకి పట్టుకెళ్తానత్తయ్యా," అని అల్లుడు అన్నప్పటి నుంచి రేపు రాలేదు.

"అత్తయ్యా, కాసేపు మిక్సీ వేయకండి. ఇక్కడ రికార్డింగు జరుగుతుంది."

"పాటా బాబూ? నొక్కగానే వస్తుందా?"

"మొదట్లో టేపు ఖాళీగా తిరుగుతుంది. తర్వాత వస్తుంది చూడండి. మీరు కదలకుండా ఉంటే చాలు."

ఫోనులో రికార్డింగు నొక్కి, టేపు నొక్కి, ఆయన స్నానాల గదిలోకి వెళ్లిపోయాడు. ఇయర్‌ఫోన్సు తీగ టేప్‌రికార్డరు వెనక ఇంకా గుచ్చుకునే ఉందని చూసుకోలేదు. అది ఉన్నంతసేపూ ఆ పెట్టె బయటికి చీమంత చప్పుడు కూడా చేయదు.

అత్తగారు మర్యాద గలవారు. కాసేపు కదలకుండానే నిలబడ్డారు. పాట రాలేదు. ఇంకాసేపు చూశారు. "పాటా లేదు, పాడూ లేదు. ఈయన పాట కోసం నేను పస్తుండాలా?" అనుకుని మిక్సీ నొక్కారు. అది ముసలి ఎద్దులా రెండుసార్లు దగ్గి అప్పుడు గానీ తిరగదు. దాని హోరులో ఆవిడ తన అలవాటు ప్రకారం కూనిరాగం అందుకున్నారు. ఓ పక్క కారుతున్న కుళాయి బకెట్లోకి టప్, టప్, టటప్ అంటూ తన వంతు తను వాయించింది.

స్నానం చేసి వచ్చిన కళ్లజోళ్లాయన ఫోను తీసుకుని, వినకుండానే గ్రూపులోకి తోసేశాడు. కింద ఇలా రాశాడు: "పాత టేపులో దొరికింది. ఇది విన్నవాళ్లెవరైనా ఉంటే నా చెవి కోసిస్తాను." ఆ తర్వాత ఈల వేసుకుంటూ షాపుకి పోయాడు.

షాపు తలుపు పైకెత్తి, అద్దాలు తుడిచి, కుర్చీలో కూర్చునేసరికి ఫోను మోగుతూనే ఉంది. పళ్ల డాక్టరమ్మ రాసింది: "అబ్బ! ఆ వెనక మోగే వాయిద్యం ఏమిటండీ? ఆ టప్ టప్ నేరుగా గుండెల్లో పడుతోంది." రేడియోలో పాటల కార్యక్రమం చేసే అక్కయ్య అయితే గొంతు రికార్డు చేసి పంపింది: "తమ్ముడూ, ఆ హోరులోంచి ఒక ఆడదాని వేదన తన్నుకొస్తోంది చూశావా? నాకు ఏడుపాగలేదయ్యా!"

వేదనా? తను విన్న పాట హుషారుగా ఉంటుంది కదా? సరే, వేదనైతే మాత్రం నష్టమేముంది అనుకున్నాడు కళ్లజోళ్లాయన. అంతలో వచ్చింది మాస్టారి మాట.

"తెలుసు."

ఆయన నెత్తిన పిడుగు పడ్డట్టయింది. ఈ మనిషి కడుపులో సముద్రం ఏమైనా ఉందా? అది చాలదన్నట్టు మాస్టారు ఇంకో వాక్యం కూడా కలిపారు. "మా మేనమామ ఇంట్లో చిన్నప్పుడు రోజూ వినేవాణ్ణి. దీనికి రెండో చరణం ఇంకా బాగుంటుంది."

కళ్లజోళ్లాయన పళ్లు నూరుకుంటూ, అంతకీ రికార్డింగులో ఎంతవరకు వచ్చిందో చూద్దామని అప్పుడు ఫోను చెవి దగ్గర పెట్టుకున్నాడు. దగ్గు. ఇంకో దగ్గు. హోరు. ఆ హోరులో మునిగితేలుతున్న అత్తగారు.

చూపు పరీక్ష కోసం వచ్చిన ఒక పెద్దాయన, "బాబూ, ఆ పై వరస అక్షరాలు చదవమంటావా?" అని అడిగాడు. కళ్లజోళ్లాయనకు అక్షరాలు కాదు, అసలు గోడే కనపడటం లేదు. ముందు ఒళ్లంతా చెమట పట్టింది. ఆ చెమట ఆరుతుండగా, పెదవి మీద మెల్లగా నవ్వు మొలిచింది.

తన ఇంటి మిక్సీని మాస్టారు చిన్నప్పుడే విన్నారట!

అంటే ఇన్నాళ్ల 'తెలుసు'ల్లో ఎన్ని తాలు గింజలో! ఆ క్షణమే "పొరపాటు జరిగింది, క్షమించండి" అని రాస్తే కథ అక్కడితో అయిపోయేది. కానీ చేతికి చిక్కిన చేపను నీళ్లలోకి వదిలే మనిషి ఎక్కడుంటాడు? ఆయన వేళ్లు వాటంతటవే కదిలాయి. "మాస్టారూ, మీకు తెలియనిదేముంది! ఆ గాయని ఎవరో చెప్పి పుణ్యం కట్టుకోండి."

మాస్టారు తడుముకునే రకం కాదు. "పేరు చెప్పకూడదు. కుటుంబం ఒప్పుకోదు. పెద్దింటి ఆడపడుచు. పాపం, చిన్నవయసులోనే పోయింది."

కళ్లజోళ్లాయన షాపులో ఒక్కడే పగలబడి నవ్వాడు. తను చిటికెనవేలు కదపకుండానే మాస్టారు అత్తగారిని సాగనంపేశారు. పెద్దాయన కుర్చీలోంచి లేచి, "చూపు పరీక్ష రేపు చేయించుకుంటాలే నాయనా," అని వెళ్లిపోయాడు.

నవ్వు మధ్యాహ్నం దాకా నిలిచింది. ఆపైన రేడియో అక్కయ్య ఫోను చేసింది.

"తమ్ముడూ, నేనో నిర్ణయానికొచ్చాను. అంత గొప్ప గాయని ఎవరికీ తెలీకుండా పోవడమేంటి? ఈసారి మన కలయిక ఆవిడ సంతాపసభ. ఆదివారం, మీ ఇంట్లో."

"మా ఇంట్లోనా? ఎందుకక్కయ్యా?"

"ఆ టేపు ఉన్నది మీ ఇంట్లోనేగా! దాని ముందే రెండు నిమిషాలు మౌనం పాటిద్దాం. ఆ తర్వాతి రోజు రేడియోలో వినిపిస్తాను. మా పైవాళ్లకు చెప్పేశాను కూడా, కార్యక్రమం ఖాయమైపోయింది."

"అక్కయ్యా, అసలు సంగతేంటంటే..."

"నాకు తెలుసు, నీకూ గొంతు పూడుకుపోతోంది. నాకూ అంతే. ఉంటాను."

కుడితిలో పడ్డ ఎలుకకైనా గట్టు కనపడుతుంది. ఈయనకు అదీ లేదు. ఇప్పుడు నిజం చెబితే మాస్టారి పరువుతో పాటు అక్కయ్య కార్యక్రమం, డాక్టరమ్మ గుండె, తన చెవి, అన్నీ పోతాయి. మళ్లీ గ్రూపు ముఖం చూడగలడా? పెద్దకుర్చీ దేవుడెరుగు, మూలన ముక్కాలి పీట కూడా ఎవరూ వేయరు. ఆలోచించగా ఒక్కటే దారి కనపడింది. ఆదివారం పూట అత్తగారు ఇంట్లో ఉండకూడదు.

"అత్తయ్యా, మీ చెల్లెలుగారిని చూసి చాలా రోజులైంది కదా? ఆదివారం వెళ్లిరాకూడదూ?" అన్నాడు ఆ సాయంత్రం, గొంతులో చక్కెర కలుపుకుని.

అత్తగారు కళ్లజోడు తీసి అల్లుడి ముఖాన్ని పరికించారు. పెట్టుకున్నా తీసినా ఆవిడకు ఒకటే. "వెళ్లొచ్చు బాబూ. బస్సు నంబరు ఎవరు చదివి పెడతారు? కాడ ఊగుతోంది, జోడు ముక్కు మీద నిలవదు. ఇది బాగుచేయించి ఇవ్వండి, ఇప్పుడే బయల్దేరతాను."

ఏళ్ల తరబడి రాని రేపు తెల్లారగానే వచ్చేసింది. ఆయన ఆ కళ్లజోడు స్వయంగా షాపుకి పట్టుకెళ్లాడు. దారం విప్పాడు. మరమేకు బిగించబోయాడు. ఊరందరి కాడలూ కళ్లు మూసుకుని బిగించే చెయ్యి ఆ రోజు హడావిడిలో కాస్త గట్టిగా తిప్పింది. కాడ ఊడి రావడమే కాదు, ఫ్రేము ముక్కు దగ్గర రెండు ముక్కలైంది. అది పాతకాలపు ఫ్రేము. అలాంటిది ఇప్పుడెక్కడా దొరకదు. కొత్తది తీసుకోమంటే అత్తగారు ఒప్పుకోలేదు. "నాకు అదే కావాలి బాబూ. అది వచ్చేదాకా ఎక్కడికీ కదలను. నాకేం తొందర?"

ఆదివారం మధ్యాహ్నం ఒక్కొక్కరే దిగారు. డాక్టరమ్మ తెల్లచీర కట్టుకొచ్చింది. అక్కయ్య పెద్ద స్పీకరు మోసుకొచ్చింది. మాస్టారు గంభీరంగా వచ్చి నేరుగా పెద్దకుర్చీలో కూర్చున్నారు. అది అత్తగారు రోజూ కూర్చునే పేముకుర్చీ. పాపం ఆవిడకు కళ్లజోడు లేదు, కూర్చోబోయి మాస్టారి ఒళ్లో చెయ్యి పెట్టి, "అయ్యో, ఎవరో ఉన్నట్టున్నారే," అని పక్కకు జరిగారు.

"ఎవరు పోయారండీ?" అని భార్య టీ కప్పులు సర్దుతూ గుసగుసలాడింది.

"ఒక గాయని," అన్నాడు కళ్లజోళ్లాయన గోడకేసి చూస్తూ.

"అయ్యో పాపం!" అన్నారు అత్తగారు. "ఏ వయసో?"

మాస్టారు లేచి నిలబడ్డారు. "ఆమెను నేను కళ్లారా చూశాను," అని మొదలుపెట్టారు. "సన్నగా, పొడుగ్గా, మెరుపుతీగలా ఉండేది. కోపమంటే తెలియదు. ఒకరిని పల్లెత్తు మాట అనేది కాదు. ఆ గొంతు మూగబోయిన రోజున మా మేనమామ ముద్ద ముట్టలేదు." అత్తగారు పమిట చెంగుతో కళ్లొత్తుకుని, "మంచివాళ్లనే తీసుకుపోతాడమ్మా ఆ దేవుడు," అన్నారు. కళ్లజోళ్లాయనకు దగ్గొచ్చింది. అది నవ్వో ఏడుపో ఆయనకే తెలియలేదు.

అందరూ మౌనం పాటించారు. ఇల్లంతా నిశ్శబ్దం. ఆ నిశ్శబ్దంలోకి వంటింట్లోంచి ఒక చప్పుడు నడిచొచ్చింది. టప్. టప్. టటప్.

డాక్టరమ్మ తల దానంతటదే ఊగసాగింది. ఊగుతూ ఊగుతూ ఆగింది. ఒక కన్ను తెరిచింది. "ఏమండీ," అంది కళ్లజోళ్లాయనతో, "ఆ వాయిద్యం మీ ఇంట్లో కూడా ఉందే!"

"కుళాయి," అన్నాడాయన నీరసంగా.

"మౌనం, మౌనం," అని మాస్టారు కసిరారు. అక్కయ్య స్పీకరు మీట నొక్కింది.

దగ్గు. ఇంకో దగ్గు. హోరు.

అత్తగారు ఉలిక్కిపడి కూతురి చెయ్యి పట్టుకున్నారు. "ఒసేయ్, వంటింట్లో ఎవరే? మన మిక్సీ ఎవరు వేశారు?"

"ఎవరూ లేరమ్మా. ఆ పెట్టెలోంచి వస్తోంది."

"ఆ దగ్గు మన మిక్సీది కాదూ? బాగుచేయించండి బాబూ అని నేను మొత్తుకుంటుంటే..." అంటూనే ఆవిడ చెవి ఒగ్గి విన్నారు. హోరు వెనక కూనిరాగం మొదలైంది. అత్తగారి ముఖంలో ఆశ్చర్యం, ఆ వెనకే చిన్న గర్వం కదిలాయి. "ఇదిగో, ఇది నేనే!"

ఆవిడ గాల్లోకి ఒక దిక్కు చూస్తూ అడిగారు. "ఇంతకీ ఎవరండీ పోయింది?"

అక్కయ్య తేరుకుని, "మీరేనని నమ్మకమేంటమ్మా?" అంది. దానికి అత్తగారు గొంతు సవరించుకుని, అదే రాగంలో, మిక్సీ మింగేసిన మాటలు మొత్తం పాడి వినిపించారు.

"ఊరందరికీ చూపునిచ్చే ఓ అల్లుడా,
ఇంటి అత్త ముక్కు మీద దారమేనటా!
మిక్సీ దగ్గి చచ్చుచున్నా మందు లేదటా,
కుళాయేడ్చి నిండుతున్నా కన్ను కానడా!"

ఊర్లో ఎన్ని కళ్లు ఉన్నాయో అన్నీ ఆ గదిలోకే వచ్చినట్టు కళ్లజోళ్లాయన వైపు తిరిగాయి. భార్య టీ పళ్లెం కింద పెట్టింది. "మా అమ్మకు సంతాపసభ పెట్టారా? అదీ ఇంట్లోనే! అదీ నా చేత టీ పెట్టించి!"

"నేను చంపలేదే! మాస్టారు చంపారు!" అని ఆయన చెయ్యి చూపించాడు.

అప్పుడు కళ్లన్నీ మాస్టారి వైపు తిరిగాయి. తేలు కుట్టిన దొంగ ముఖం ఎలా ఉంటుందో బొమ్మ గీయమంటే మాస్టారు అద్దం చూసుకుని గీయొచ్చు. అత్తగారు తడుముకుంటూ ఆయన దగ్గరగా వెళ్లి, ముఖంలో ముఖం పెట్టి చూశారు. "సన్నగా, పొడుగ్గానా బాబూ? నేను మీకు ఎప్పట్నుంచి తెలుసు?"

మాస్టారి గొంతు రెండుసార్లు దగ్గింది, మిక్సీ లాగానే. "తెలియదమ్మా," అన్నారు.

ఎన్నేళ్లుగానో ఎదురుచూసిన మాట! కళ్లజోళ్లాయన చెవులారా విన్నాడు. ఒంటి మీద వెంట్రుకలు మళ్లీ లేచి నిలబడ్డాయి. ఆ ఊపులోనే మొదటినుంచీ జరిగిందంతా కక్కేశాడు. అక్కయ్య ఇయర్‌ఫోన్సు తీగ కేసి, మిక్సీ కేసి, అత్తగారి కేసి చూసి, ముందు కోపం తెచ్చుకోబోయి కుదరక నవ్వేసింది. "రేడియోలో ఇదే వేస్తాను. కాకపోతే గాయని బతికే ఉందని చెబుతాను. అమ్మా, ఇవాళ్టి నుంచి మీరు కూడా మా గ్రూపులో మనిషి."

"అందులో నేను చేయాల్సిందేంటమ్మా?"

"ఏం లేదు. ఎవరైనా పాట పెడితే, మీరు ముందే విన్నదైతే 'తెలుసు' అనడమే."

"అంతేనా పని?" అన్నారు అత్తగారు.

మాస్టారు పేముకుర్చీ ఖాళీచేసి గోడవారకు జరిగారు. ఇక ఆలస్యమెందుకని కళ్లజోళ్లాయన టేప్‌రికార్డరు ముందుకు లాగి, ఇయర్‌ఫోన్సు తీగ అందరికీ కనపడేలా పీకి, మీట నొక్కాడు. పేరూ ఊరూ లేని ఆ గొంతు గదంతా నిండింది. అక్కయ్య కళ్లు మూసుకుంది. డాక్టరమ్మ కదల్లేదు. గురక కూడా పెట్టలేదు. పాట పూర్తయ్యాక అక్కయ్య మెల్లగా, "తెలియదు," అంది. డాక్టరమ్మ, "తెలియదు," అంది. అందరూ మాస్టారి వంక చూశారు. ఆయన, "నిజంగా తెలియదయ్యా. బాగుంది," అన్నారు.

కళ్లజోళ్లాయన చొక్కా సర్దుకున్నాడు. పెద్దకుర్చీ వైపు దర్జాగా నడిచాడు. వాలబోయాడు కూడా. అంతలో వంటింట్లో బకెట్టు మారుస్తున్న అత్తగారి గొంతు వినపడింది.

"తెలుసు."

అందరూ కళ్లజోళ్లాయన వైపు చూశారు. నిజంగా తెలుసో లేదో నిలదీసి అడుగుదామనే ఆయనా నోరు తెరిచాడు గానీ, ఏ ముఖంతో అడుగుతాడు? ఆవిడ కళ్లజోడు రెండు ముక్కలై ఇంకా ఆయన షాపులోనే ఉంది.